మీ గురించి బయటివాళ్ళకి ఎంత తెలుసు? ఒక ఆదివారం కూర్చుని సరిచేసుకోండి

పోయిన వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఖమ్మంలో ఉండే మా పిన్నికి వాట్సాప్ కాల్ వచ్చింది. "చిన్ను వాళ్ళమ్మగారేనాండీ?" అన్నాడట అవతలి మనిషి, మంచి తెలుగులో, ఎంతో మర్యాదగా. చిన్ను అనేది మా తమ్ముడి ముద్దుపేరు. సర్టిఫికెట్లలో ఆ పేరు ఎక్కడా ఉండదు, ఇంట్లోవాళ్ళం, దగ్గరి చుట్టాలం తప్ప ఇంకెవరూ అలా పిలవరు. వాడు డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. "ఆంటీ, నేను వాళ్ళ యూనివర్సిటీలోనే సీనియర్‌ని, కంగారు పడకండి, కారు యాక్సిడెంట్ అయింది, చిన్నుకి దెబ్బలేం తగల్లేదు గానీ పోలీసులు తీసుకెళ్ళారు, లాయర్‌కి ఇప్పుడే కట్టకపోతే వీసాకి ఇబ్బందవుతుంది" అన్నాడు. పిన్ని వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది, ఎత్తలేదు. అక్కడ తెల్లవారుజాము మూడు గంటలు, వాడు మంచి నిద్రలో ఉన్నాడు. కానీ వాడు ఫోన్ ఎత్తకపోయేసరికి ఆవిడకి అనుమానం కాస్తా పోయింది. ఇరవై నిమిషాల్లో రెండుసార్లుగా 80 వేలు పంపేసింది.

తర్వాత మేమంతా కూర్చుని, ఆ ముద్దుపేరు ఫోన్ చేసినవాడికెలా తెలిసిందని వెతికాం. వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. పిన్ని ఫేస్‌బుక్‌లోనే అంతా ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ట్రాలీ పక్కన నిలబడి తీసుకున్న ఫొటో, దాని కింద "ఏ యూనివర్సిటీ అక్కా?" అని ఎవరో అడిగితే పేరుతో సహా చెప్పిన జవాబు, వాడి పుట్టినరోజుకి "మా చిన్ను బంగారానికి" అని పెట్టిన వీడియో, ఇంకా అంతకుముందు ఏడాది ఆవకాయ పెట్టి అమ్మినప్పుడు "కావాల్సినవాళ్ళు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని రాసిన పోస్టు. నాలుగంటే నాలుగు పోస్టులు. దేంట్లోనూ దాచుకోవాల్సిన రహస్యం లేదు, కానీ నాలుగూ కలిపితే ఒక తల్లిని ఇరవై నిమిషాలు వణికించడానికి సరిపోయాయి.

మనం మోసపోయేది మోసగాడి తెలివికి కాదు, మన సంగతులు వాడి నోట మనకే వినిపించడం వల్ల. "ఇన్ని తెలిసినవాడు తెలియనివాడెలా అవుతాడు" అనుకుంటాం. కాబట్టి ఓటీపీ చెప్పొద్దు, లింక్ నొక్కొద్దు అనే జాగ్రత్తలకంటే ఒక మెట్టు ముందు చేయాల్సిన పని ఉంది. వాడు చెప్పుకోవడానికి కథే దొరక్కుండా చేయడం. దానికి ఒక ఆదివారం పొద్దున్న రెండు మూడు గంటలు పెట్టుకోండి చాలు. నేను చేసిన వరుసలోనే చెప్తాను.

ముందు బయటివాడి కళ్ళతో మిమ్మల్ని మీరు చూసుకోండి

ఏ సెట్టింగూ మార్చకముందు ఇది చేయండి, లేకపోతే ఏం మార్చాలో తెలీదు. ఒక కాగితం, పెన్ను తీసుకోండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మీ లాగిన్లేవీ లేకుండా తెరుచుకునేది) తెరిచి మీ పూర్తి పేరు, ఊరు కలిపి వెతకండి. తర్వాత మీ ఫోన్ నంబర్‌ని కోట్ మార్కుల మధ్య పెట్టి వెతకండి. ఎప్పుడో ఇల్లు అద్దెకిచ్చినప్పుడు పెట్టిన ప్రకటన, కాలనీ సంఘం సభ్యుల జాబితా, పాత బ్యాచ్ రీయూనియన్ పీడీఎఫ్, ఇలాంటివి బయటపడతాయి. ఆ ఇన్‌కాగ్నిటోలోనే, లాగిన్ అవకుండా, మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు తెరిచి చూడండి.

ఇప్పుడు మీ నంబర్ సేవ్ చేసుకోని ఎవరిదైనా ఫోన్ అడిగి తీసుకోండి. పక్కింటివాళ్ళదైనా ఫర్వాలేదు. అందులో వాట్సాప్‌లో మీ నంబర్ కొట్టి డీపీ కనిపిస్తుందేమో, అబౌట్‌లో ఏం రాసుందో చూడండి. ఏదైనా యూపీఐ యాప్‌లో అదే నంబర్ కొట్టండి. బ్యాంకులో ఉన్నట్టుగా మీ పూర్తి పేరు వచ్చేస్తుంది. డబ్బు సరైన మనిషికే వెళ్తోందని చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది, అయితే చేతిలో వట్టి పది అంకెలు మాత్రమే ఉన్నవాడికి దాంతో మీ పేరు కూడా దొరుకుతుంది. పేరు దొరికితే ఫేస్‌బుక్ దొరుకుతుంది, ఫేస్‌బుక్ దొరికితే కుటుంబం మొత్తం దొరుకుతుంది.

కనిపించినవన్నీ కాగితం మీద రాయండి. పుట్టినరోజు, ఊరు, ఉద్యోగం, పిల్లల పేర్లు, వాళ్ళ స్కూలు, బండి నంబరు, ఇల్లు. నేను రాసినప్పుడు పదిహేడు వచ్చాయి. అందులో ఆరు మా అమ్మ పోస్టుల వల్ల బయటికొచ్చినవి, నేను పెట్టినవి కూడా కాదు.

ఫేస్‌బుక్: ఎక్కువసేపు ఇక్కడే పడుతుంది

మన ఇళ్ళల్లో నలభై దాటినవాళ్ళ జీవితమంతా ఇందులోనే ఉంటుంది, పదేళ్ళ కిందటి నుంచీ. అందుకే దీనికి గంట కేటాయించండి.

మొదట ఫ్రెండ్స్ లిస్టు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీ ఫ్రెండ్స్ లిస్టు ఎవరు చూడొచ్చు అన్నచోట ఓన్లీ మీ పెట్టండి. చాలామంది దీన్ని పట్టించుకోరు, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. మీ ఫొటో, పేరు పెట్టి నకిలీ ఖాతా తెరిచి "అర్జెంటుగా హాస్పిటల్లో ఉన్నాను, ఒక ఇరవై వేలు పంపరా, రేపు ఇచ్చేస్తా" అని మెసేజ్‌లు పెడతారే, ఆ మెసేజ్‌లు ఎవరికి పంపాలో వాళ్ళకి తెలిసేది ఆ లిస్టు వల్లే. లిస్టు కనిపించకపోతే నకిలీ ఖాతా తెరిచినా వాడికి పని అంత తేలిగ్గా జరగదు.

తర్వాత అబౌట్. పుట్టినతేదీలో సంవత్సరం దాచేయండి, వీలైతే తేదీ మొత్తం దాచండి. ఫోన్ నంబర్ తీసేయండి. "ఫ్యామిలీ అండ్ రిలేషన్‌షిప్స్" అని ఒక చోటు ఉంటుంది, అక్కడ అమ్మ, తమ్ముడు, మేనత్త అని వరసలతో సహా పెట్టుకుంటాం, మొత్తం తీసేయండి. అమ్మ పుట్టింటి పేరు చాలాచోట్ల సెక్యూరిటీ ప్రశ్న, మన మేనమామ ప్రొఫైల్‌లో ఇంటిపేరు చూస్తే జవాబు దొరికినట్టే.

మీ నంబర్‌తో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అన్నది కూడా అక్కడే ఉంటుంది, దాన్ని కూడా ఓన్లీ మీకి మార్చండి. ఇది చాదస్తం అనుకోకండి. ఫోన్ నంబర్లతో మనుషుల్ని వెతికే సదుపాయాన్నే వాడుకుని పోగేసిన 53 కోట్లకు పైగా ఖాతాల వివరాలు 2021 ఏప్రిల్‌లో బయట ఉచితంగా దొరికాయి. పేర్లు, నంబర్లు, ఊళ్ళు, కొందరివి పుట్టినతేదీలు. అందులో మన దేశం వాళ్ళవి 60 లక్షల దాకా ఉన్నాయి. బయటికి పోయినదాన్ని వెనక్కి తేలేం, కానీ ఇకమీదటైనా ఆ తలుపు వేసి ఉంచొచ్చు.

పాత పోస్టులన్నీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక ఎవరికీ ఉండదు. దానికి "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అని ఒక ఆప్షన్ ఉంది, ఒక్కసారి నొక్కితే ఇంతకాలం పబ్లిక్‌గా ఉన్నవన్నీ ఫ్రెండ్స్‌కి మాత్రమే కనిపించేలా మారిపోతాయి. ఆ తర్వాత ప్రొఫైల్ లాక్ చేయండి. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే కనిపిస్తుంది. అమ్మావాళ్ళ ఫోన్లలో తప్పకుండా చేసిపెట్టండి.

ఇక ఫ్రెండ్స్‌లో ఉన్నవాళ్ళ సంగతి. లాక్ చేశాక కూడా ఎనిమిది వందలమంది లోపలే ఉంటే లాక్ దేనికి? ఎవరో తెలియనివాళ్ళు, పదిమంది మ్యూచువల్స్ ఉన్నారని ఒప్పేసుకున్నవాళ్ళు, రోజుకి యాభైమంది చొప్పున తీసేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

వాట్సాప్

ఇది పది నిమిషాల పని. సెట్టింగ్స్‌లో ప్రైవసీ తెరిచి లాస్ట్ సీన్, ప్రొఫైల్ ఫొటో, అబౌట్, స్టేటస్ నాలుగింటినీ మై కాంటాక్ట్స్‌కి మార్చండి. గ్రూప్స్ అన్నచోట కూడా మై కాంటాక్ట్స్ పెట్టండి, అప్పుడు ఊరూపేరూ తెలియనివాడు మిమ్మల్ని "షేర్ మార్కెట్ టిప్స్" గ్రూపులో నేరుగా చేర్చలేడు. అకౌంట్‌లోకి వెళ్ళి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. ఆ పిన్ పుట్టినతేదీ కాకూడదు, ఎందుకో మళ్ళీ చెప్పక్కర్లేదు. తర్వాత లింక్డ్ డివైసెస్ చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే వెంటనే లాగౌట్ చేయండి.

గ్రూపులు వేరే సమస్య. టెన్త్ బ్యాచ్, అపార్ట్‌మెంట్, కులసంఘం, గుడి కమిటీ, ఒక్కో గ్రూపులో వందలమంది ఉంటారు, అందరికీ మీ నంబర్ కనిపిస్తుంది. వాళ్ళలో ఒక్కరి ఫోన్ మోసగాళ్ళ చేతికి చిక్కినా చాలు. పెళ్ళి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో, పీఎం కిసాన్ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్లో యాప్‌గా ఇన్‌స్టాల్ అయ్యేవి) సరిగ్గా ఇలాగే, తెలిసినవాళ్ళ నంబర్ నుంచే గ్రూపులోకి వచ్చి పడతాయి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది గానీ యాప్‌లా ఇన్‌స్టాల్ చేసుకోమని ఎప్పుడూ అడగదు. అవసరంలేని గ్రూపుల్లోంచి బయటికి రండి. ఉండక తప్పని గ్రూపుల్లో "ఊరెళ్తున్నాం, పది రోజులు ఇంట్లో ఉండం, పాలవాడికి చెప్పండి" లాంటివి రాయకండి, ఆ ముక్క వాచ్‌మన్‌కి విడిగా చెప్పండి.

ఆధార్: జిరాక్స్ షాపు దగ్గర ఆగి చూడండి

మా వీధి చివర జిరాక్స్ షాపు ఉంది. గోడకి ఒక నంబర్ అంటించి ఉంటుంది, ప్రింట్ కావాలంటే ఆ వాట్సాప్‌కి పంపాలి. షాపులో కంప్యూటర్ స్క్రీన్ మన వైపే తిరిగి ఉంటుంది, వాట్సాప్ వెబ్ పొద్దున్నుంచి రాత్రిదాకా తెరిచే ఉంటుంది. ఒకరోజు నా వంతు కోసం నిలబడి చూస్తే ఎడమవైపు వరసగా ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మళ్ళీ ఆధార్, ఎవరిదో పెళ్ళికూతురి ఫొటో, మళ్ళీ ఆధార్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే చివర కనబడనన్ని ఫైళ్ళు. షాపతను మంచివాడే, నేను పదేళ్ళుగా చూస్తున్నాను. కానీ ఆ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేదు, ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టినా అతను తిరిగి చూడడు.

కాబట్టి ఆధార్ విషయంలో ఇలా చేయండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వాళ్ళ మైఆధార్ సైట్లో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ కావాలా అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి దింపుకోండి. అందులో పన్నెండు అంకెల్లో మొదటి ఎనిమిది కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. హోటల్ గదికి, చాలా మామూలు అవసరాలకి అదే ఇవ్వండి. కొన్ని చోట్ల పూర్తి నంబర్ తప్పదు, అప్పుడు కాపీ మీద అడ్డంగా "ఫలానా పని కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి, అక్షరాలు ఫొటో మీదుగా వెళ్ళాలి గానీ ఖాళీ జాగాలో కాదు. జిరాక్స్ షాపులో వాట్సాప్‌కి పంపే బదులు ఇంట్లోనే నాలుగు కాపీలు తీసి పెట్టుకోగలిగితే అంతకంటే మేలు లేదు. పంపక తప్పకపోతే ప్రింట్ అవగానే మీ వైపు నుంచి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టి, "డౌన్‌లోడ్స్‌లో కూడా తీసెయ్ అన్నా" అని పక్కనే నిలబడి తీయించండి. మొహమాటపడకండి, నేను ప్రతిసారీ చేస్తాను, అతనికీ అలవాటైపోయింది.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా పంపుతాం. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, ఆ పక్కన పుట్టిన సంవత్సరం. ఆ రెండూ ఫేస్‌బుక్‌లో ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లకీ చాలావరకు ఇలాగే పేరు, పుట్టినతేదీ కలిపి పాస్‌వర్డ్ పెడతారు. పుట్టినరోజు దాచమని నేను పైన అంతగా చెప్పింది శుభాకాంక్షలు రాకుండా చేయడానికి కాదు, దీనికోసం.

వేలిముద్రలు కూడా దొంగిలించేవాళ్ళున్నారు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రల్ని వెబ్‌సైట్ నుంచి తీసి, రబ్బరు ముద్రలు చేయించి వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆధార్‌తో, వేలిముద్రతో ఊళ్ళలో డబ్బు తీసుకునే పద్ధతిలోనూ ఇలాంటి నకిలీ ముద్రలతో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు వచ్చాయి, అందులో ఓటీపీతో పనే లేదు. దీనికి మందు బయోమెట్రిక్ లాక్. ఆధార్ సైట్లోగానీ యాప్‌లోగానీ ఒక్క నిమిషంలో లాక్ చేయొచ్చు, అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు, మళ్ళీ లాక్ దానంతటదే పడిపోతుంది. కానీ ఒక జాగ్రత్త, ఇంట్లో రేషన్‌కో పెన్షన్‌కో వేలిముద్ర వేసే పెద్దవాళ్ళుంటే లాక్ చేసి వాళ్ళకి చెప్పకుండా వదిలేయకండి, తీరా అక్కడికెళ్ళాక ముద్ర పడక ఎండలో నిలబడాల్సి వస్తుంది. అలాంటివాళ్ళకి ఆ రోజు లాక్ తీసిపెట్టే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి. మీ ఆధార్‌ని గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ వాడారో అదే సైట్లో ఆథెంటికేషన్ హిస్టరీలో చూడొచ్చు, నెలకోసారి చూస్తూ ఉండండి.

పెళ్ళి బయోడేటాలు

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పుట్టించేది ఇదే. మన పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపులు చూడండి. అమ్మాయి పూర్తి పేరు, పుట్టినతేదీ, పుట్టిన సమయం నిమిషాలతో సహా, ఊరు, గోత్రం, నక్షత్రం, ఎత్తు, కంపెనీ పేరు, జీతం, తండ్రి ఉద్యోగం, రిటైరయితే ఎప్పుడు, అన్న ఏ దేశంలో ఉన్నాడు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఫ్లాట్లు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, మూడు ఫొటోలు. ఒక్క పేజీలో. ఏ బ్యాంకు ఫారంలోనూ ఇన్ని అడగరు. అది ఒక గ్రూపులో పెడితే సాయంత్రానికి ఇరవై గ్రూపుల్లో ఉంటుంది, పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా తిరుగుతూనే ఉంటుంది.

లండన్‌లో డాక్టర్ని అని పరిచయమై, గిఫ్ట్ పంపాను, ఢిల్లీ కస్టమ్స్‌లో ఆగింది, కట్టండి అనే మోసాలు ఈ బయోడేటాల మీదే నడుస్తాయి. రిటైరైన తండ్రి చేతిలో డబ్బుందని అందులోనే తెలిసిపోతుంది.

సంబంధాలు చూడొద్దని కాదు. బయోడేటా రెండుగా చేయండి. గ్రూపుల్లో పెట్టేది మొదటిది, అందులో మొదటి పేరు, పుట్టిన సంవత్సరం, నక్షత్రం, గోత్రం, చదువు, ఏ రంగంలో ఉద్యోగం, ఏ జిల్లా, అంతే. జీతం, ఆస్తి, కంపెనీ పేరు, పూర్తి తేదీ, సమయం రెండోదాంట్లో ఉండాలి, అది ఫోన్లో మాట్లాడి, అవతలివాళ్ళు ఫలానావాళ్ళని మధ్యవర్తి ద్వారా తెలుసుకున్నాకే పంపాలి. ఫోన్ నంబర్ దగ్గర అమ్మాయిదీ, బ్యాంకుకి లింకైన నాన్నదీ కాకుండా ఇంట్లో ఇంకో నంబర్ ఇవ్వండి. ఫొటో మీద సన్నగా "సంబంధాల కోసం" అని తేదీతో రాయిస్తే ఇంకోచోట వాడుకోవడం కష్టమవుతుంది. సంబంధం కుదిరాక గ్రూపుల్లో తీయించడం మాత్రం మర్చిపోకండి.

రెండో నంబర్ పెట్టుకోండి

బ్యాంకుకి, ఆధార్‌కి ఒక నంబర్. మిగతా లోకానికి ఇంకోటి. నెలకి కొంచెం ఖర్చు పెరుగుతుంది, నిజమే, కానీ బట్టల షాపు బిల్లింగ్ దగ్గర, మాల్‌లో లక్కీ డ్రా డబ్బాలో, అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టర్‌లో, పార్శిల్ మీద, ఓఎల్ఎక్స్ లాంటి చోట పాత సోఫా అమ్మకానికి పెట్టినప్పుడు, అన్నిటికీ ఆ రెండోది ఇవ్వొచ్చు. అప్పుడు "మీ అకౌంట్ బ్లాక్ అవుతుంది" అనే కాల్ రెండో నంబర్‌కి వస్తే, అది అబద్ధమని ఆలోచించకుండానే తెలుస్తుంది, ఎందుకంటే బ్యాంకుకి ఆ నంబరే తెలీదు. రెండు సిమ్‌లు వద్దనుకుంటే కనీసం బిల్లింగ్ దగ్గర "నంబర్ ఇవ్వనండీ, బిల్లు కాగితమే ఇవ్వండి" అని చెప్పడం అలవాటు చేసుకోండి.

యూపీఐలో మీ ఐడీ ఫోన్ నంబరే అయి ఉంటే యాప్‌లో ఇంకో ఐడీ సృష్టించుకుని, తెలియనివాళ్ళకి దాన్ని ఇవ్వండి.

ఫొటో పెట్టేముందు చుట్టూ చూడండి

మనం ఫొటోలో మొహాలే చూసుకుంటాం, మోసగాడు వెనకాల ఉన్నవి చూస్తాడు. కొత్త కారుకి నిమ్మకాయలు తొక్కించే ఫొటోలో నంబర్ ప్లేటు కనిపిస్తుంది, వారం తిరక్కుండా ఆ నంబర్ పేరుతోనే నకిలీ చలానా రావొచ్చు. బోర్డింగ్ పాస్ మీద పీఎన్ఆర్, బార్‌కోడ్ ఉంటాయి. గృహప్రవేశం ఫొటోలో గుమ్మం పక్కన డోర్ నంబర్. పిల్లల ఫొటోలో స్కూలు టై, మెడలో ఐడీ కార్డు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంక్ వచ్చిందని కార్డు మొత్తం పెడితే హాల్ టికెట్ నంబర్‌తో సహా పోతుంది, ఆ సాయంత్రం నుంచే సీటు ఇప్పిస్తామనే ఫోన్లు మొదలవుతాయి. ఆఫర్ లెటర్, వీసా పేజీ, వీటి ఫొటోలు అసలు పెట్టకండి. సంతోషాన్ని పంచుకోండి, కాగితాన్ని కాదు. ర్యాంక్ ఎంతో మాటల్లో రాస్తే సరిపోతుంది కదా.

ఊరెళ్ళిన ఫొటోలు తిరిగొచ్చాక పెట్టండి. పిల్లల గొంతులున్న వీడియోలు పబ్లిక్‌గా వదలకండి, ఇప్పుడు కొన్ని సెకన్ల గొంతు దొరికితే చాలు, అదే గొంతుతో మాట్లాడించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఉద్యోగం వెతికేవాళ్ళు రెజ్యూమెలో ఇంటి అడ్రసు, పుట్టినతేదీ, తండ్రి పేరు తీసేయండి. ఊరు, ఈమెయిల్, రెండో నంబర్ ఉంటే చాలు.

ఇంత చేసినా ఫోన్ వస్తే

వస్తుంది. మన వివరాలు కొన్ని ఎక్కడెక్కడి జాబితాల్లోనో ఇప్పటికే ఉన్నాయి, అవి మన చేతిలో లేవు. అందుకని ఒక్క విషయం ఇంట్లో అందరికీ ఎక్కించండి: నా వివరాలు చెప్పాడంటే వాడు నా మనిషని కాదు, నా వివరాలు వాడి దగ్గరున్నాయని మాత్రమే. ఆధార్ నంబర్ మొత్తం చదివి వినిపించినా సరే, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్‌లో కూర్చున్నా సరే. వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరిస్తారే, ఆ డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు, 2024 అక్టోబర్‌లో మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాటే చెప్పారు. కాల్ కట్ చేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేయండి, వాడిచ్చిన నంబర్‌కి కాదు.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళు ఇంట్లో ఒక మాట పెట్టుకోండి. ఊరి చెరువు పేరో, చిన్నప్పుడు పెంచుకున్న కుక్కపిల్ల పేరో, ఎక్కడా రాయనిది, ఎప్పుడూ పోస్టు చేయనిది. ఆపదలో ఉన్నానని ఎవరు ఫోన్ చేసినా ఆ మాట చెప్పాలి. పిల్లలు కూడా తమ రూమ్మేట్ నంబర్ ఒకటి, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళ నంబర్ ఒకటి ఇంట్లో ఇచ్చి ఉంచాలి, అర్ధరాత్రి వాళ్ళు ఫోన్ ఎత్తకపోయినా ఇంకొకరు ఎత్తేలా.

డబ్బు పోయిందా, ముందు ఏడుపు ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలోపు చేస్తే డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ అది నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. ట్రాన్సాక్షన్ నంబర్, తేదీ, ఎంత, ఏ ఖాతా నుంచి, ఇవి దగ్గర పెట్టుకుని చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్లో కూడా ఫిర్యాదు ఇవ్వండి, బ్యాంకుకీ చెప్పండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్లో చూసుకోండి, మీవి కానివి కనిపిస్తే అక్కడే నావి కాదని చెప్పొచ్చు.

పిన్ని విషయంలో మేం ఫోన్ చేసేసరికి రెండు గంటలు దాటింది. ఎందుకంత ఆలస్యమైందంటే, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చిన్నునే లేచి ఫోన్ చేసి "నాకేం కాలేదమ్మా" అన్నాక కూడా బాబాయ్ తిడతాడని ఒక గంట వంటింట్లో కూర్చుంది. రెండోసారి పంపిన 30 వేలు ఒక ఖాతాలో ఆగాయి, కొన్ని నెలల తర్వాత కోర్టు ద్వారా తిరిగొచ్చాయి. మొదటి 50 వేలు రాలేదు.

అందుకే పెద్దవాళ్ళ ఫోన్ తీసుకుని ఇవన్నీ మార్చేటప్పుడు "ఇవన్నీ ఎందుకు పెట్టావు, బుద్ధుందా" అనకండి. తిడితే రేపు నిజంగా ఏదైనా జరిగినప్పుడు మీకే చెప్పరు. పక్కన కూర్చుని, ఒక్కో సెట్టింగ్ ఎందుకో చెప్తూ, వాళ్ళ వేలితోనే నొక్కించండి. పిన్ని ఇప్పటికీ ఆవకాయ అమ్ముతుంది, కాకపోతే రెండో సిమ్ నంబర్‌తో. చిన్ను ఫొటోలు ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులోనే పెడుతుంది, పదకొండుమందిమి ఉన్నాం అందులో, అందరం ఒకరికొకరం తెలుసు.